పిల్లలకు ముఖాముఖి డిఫెండింగ్ నేర్పే విధానం

పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే శిక్షకుల్లో చాలామంది సాధన సమయమంతా డ్రిబ్లింగ్‌కు, షూటింగ్‌కు కేటాయించి, డిఫెండింగ్ (బంతితో వచ్చే ఎదుటి ఆటగాడిని అడ్డుకోవడం) మాత్రం మ్యాచ్‌లు ఆడుతుంటే దానంతటదే వస్తుందని వదిలేస్తారు. అది అలా రాదు. బంతి కనబడగానే దాని మీదికి దూకడం పిల్లల స్వభావం. ఎదుటి ఆటగాడు కోరుకునేదీ అదే. కాబట్టి మొదటి రోజునే వారికి ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ముందు ఎదుటివాడి వేగాన్ని తగ్గించు, తరువాత నీకు కావలసిన వైపుకు మళ్లించు, బంతి సంగతి ఆపైన చూద్దాం.

సాధనకు నాలుగు కోన్లతో సుమారు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల గడిని గుర్తించాలి. బంతి డిఫెండర్ దగ్గరే మొదలవుతుంది. అతడు అవతలి చివరనున్న అటాకర్‌కు పాస్ ఇచ్చి, ఆ వెంటనే ముందుకు కదులుతాడు. డిఫెండర్ వెనుక గీతను బంతితో దాటితే అటాకర్‌కు పాయింటు, బంతిని గెలుచుకుని ఎదుటి గీత దాటితే డిఫెండర్‌కు పాయింటు. ఒక్కో పోటీని 20 సెకన్లలోపు ముగించాలి. ఒక గడికి నలుగురిని మించి పెట్టకూడదు, లేదంటే పిల్లలు ఆడే సమయం కన్నా వరుసలో నిలబడే సమయమే ఎక్కువవుతుంది.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది డిఫెండర్ దగ్గరికి చేరే తీరు మీద. బంతి ఇంకా దారిలో ఉండగానే అతడు వేగంగా పరుగెత్తి దూరాన్ని తగ్గించాలి. అటాకర్ బంతిని అందుకునే సమయానికి చిన్న చిన్న అడుగులతో వేగాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. పూర్తి వేగంతో వచ్చేవాడు దిశ మార్చుకోలేడు కనుక అటాకర్ ఒక్క టచ్‌తో పక్కకు తప్పుకుపోతాడు. ఇది మాటలతో చెబితే పిల్లలకు అంతగా ఎక్కదు. అటాకర్‌కు రెండు మూడు మీటర్ల ముందు ఒక కోన్ పెట్టి, అక్కడి నుంచి అడుగులు చిన్నవి చేయమనండి. కాళ్లకు అలవాటు పడ్డాక ఆ కోన్ తీసివేయండి.

చేరాక నిలబడే భంగిమ చూడాలి. మోకాళ్లు వంచి, బరువును పాదాల ముందు భాగం మీద ఉంచి, ఒక కాలు ముందుకు, మరొకటి వెనక్కు పెట్టి, శరీరాన్ని కొంచెం పక్కకు తిప్పి నిలవాలి. ఛాతీ చూపిస్తూ రెండు కాళ్లూ సమంగా పెట్టి నిలబడితే బంతి కాళ్ల మధ్య నుంచి పోతుంది, పైగా వెనక్కు తిరగడానికి ఆలస్యమవుతుంది. అటాకర్‌ను తన కుడివైపుకు పంపాలనుకునే డిఫెండర్ ఎడమ కాలు ముందుంచి, ఎడమవైపు దారిని మూసి నిలబడతాడు. మధ్యలో చేయి చాచితే అందేటంత దూరం, లేదా దానికి కాస్త ఎక్కువ ఉంటే చాలు. చూపు బంతి మీదే ఉండాలి, ఎందుకంటే భుజాలూ నడుమూ మోసగిస్తాయి.

మామూలుగా సైడ్‌లైన్ వైపుకు మళ్లించడం మేలు, ఆ గీత డిఫెండర్‌కు తోడుగా పనిచేస్తుంది. గోల్‌కు ఎదురుగా ఉన్నప్పుడైతే అటాకర్ బలహీనమైన కాలి వైపుకు నెట్టాలి. 2019 మార్చి 31న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, టాటెన్‌హామ్ మ్యాచ్ 1-1తో సాగుతుండగా, ఒంటరిగా మిగిలిన లివర్‌పూల్ డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్ మీదికి టాటెన్‌హామ్ ఆటగాళ్లు సిసోకో బంతితో, సన్ హ్యుంగ్-మిన్ అతడికి తోడుగా దూసుకొచ్చారు. వాన్ డైక్ తొందరపడి ఎవరి మీదికీ దూకలేదు; సన్‌కు పాస్ వెళ్లే దారిని మూసి, సిసోకో ఎడమ కాలితో కొట్టక తప్పని స్థితి కల్పించాడు. బంతి గోల్ పై నుంచి పోయింది. ఆ కొన్ని సెకన్ల వీడియోను పిల్లలకు ఆపి ఆపి చూపించడం చాలా ఉపయోగకరం, ఎందుకంటే అందులో టాకిల్ (కాలు చాచి బంతిని లాక్కోవడం) అనేదే లేదు.

టాకిల్‌కు అదను మూడు సందర్భాల్లో వస్తుంది: అటాకర్ టచ్ పొడవై బంతి కాలికి దూరమైనప్పుడు, అతడు వీపు తిప్పినప్పుడు, తలవంచి తడబడినప్పుడు. ముందున్న కాలితో బంతిని పొడిచి, నిలదొక్కుకునే ఉండాలి. స్లైడ్ టాకిల్ (నేలమీద జారుతూ బంతిని తన్నడం) ఈ వయసులో నేర్పవద్దు. మన పాఠశాలల మట్టి మైదానాల్లో చర్మం లేచిపోతుంది, పైగా నేలమీద పడ్డవాడు ఆ క్షణంలో ఆటలో లేనట్టే. దాటిపోయిన అటాకర్ వెంటపడి పరుగెత్తే బదులు, నేరుగా తన గోల్‌కూ బంతికీ మధ్యకు చేరమని చెప్పాలి.

ఒక్కో పోటీకి ఒక్క తప్పే దిద్దండి, పిల్లలు అంతకన్నా ఎక్కువ గుర్తుంచుకోలేరు. బంతి దొరకకపోయినా అటాకర్‌ను ఐదు సెకన్లు నిలువరించిన డిఫెండర్‌కు కూడా పాయింటు ఇవ్వండి. ఓర్పుకు విలువ కట్టనిదే పిల్లలు దూకడం మానరు. వేగంలో ఇంచుమించు సమానంగా ఉన్నవారినే జతకట్టండి. పదిహేను నిమిషాల తరువాత ముగ్గురికి ముగ్గురుగా చిన్న మ్యాచ్ ఆడించి, డిఫెండర్ ఆలస్యం చేసినంతలో తోటి ఆటగాడు సాయానికి చేరుకుంటున్నాడో లేదో గమనించండి. చేరుకుంటుంటే తరువాతి వారం ఇద్దరికి ఇద్దరు సాధన మొదలుపెట్టవచ్చు.