మిద్దె మీద పడతాయి, కోర్స్‌లో పడవు: పటింగ్ సమస్యలు, వాటి పరిష్కారాలు

పటింగ్ అంటే గోల్ఫ్‌లో బాల్‌ని నేల మీద దొర్లించి కప్పులో, అంటే గుంటలో, వేయడం. ఆ ఒక్క దెబ్బ పట్, దానికి వాడే కర్ర పటర్. గ్రిప్ (పటర్ పిడి) ఎట్లా పట్టుకోవాలి, కాళ్ళు ఎంత ఎడం పెట్టాలి ఇట్లాంటివి ఈడ రాయడం లేదు, అవి వచ్చనుకునే మొదలుపెడతా ఉన్నా. మన తిరుపతి, చిత్తూరు వైపు గోల్ఫ్ ఆడేవాళ్ళు చాలావరకు ఒకటే రకం. వారమంతా ఇంట్లో మ్యాట్ మీద కొట్టుకోవడం, ఆదివారం తెల్లారకముందే కారెక్కి పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకో, లేదంటే పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరుకో పోయి ఆడి, రాత్రికి మూతి ముడుచుకుని ఇంటికి రావడం. సోమవారం పొద్దున్నే నాకు ఫోన్, "అన్నా, ఏ పటర్ కొనాలి?" అని. పటర్ సంగతి తర్వాత, ముందు మీ మ్యాట్ ఏ నేల మీద పరిచారో అది చెప్పండి అంటే ఒక్కరూ చెప్పరు. ఎందుకంటే ఎవరూ చూసి ఉండరు.

సమస్య: ఇంట్లో పదికి తొమ్మిది పడతాయి, కోర్స్‌లో అయిదడుగుల పట్ కూడా ఒకే పక్కకి పోతుంది

కారణం: మిద్దె వాటం.

స్లాబు మీద వాన నీళ్ళు నిలవకుండా మేస్త్రీ గొట్టం వైపు వాటం ఇస్తాడు, మామూలుగా నూరడుగులకి ఒక అడుగు లెక్కన, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే ఇస్తాడు. ఇవ్వకపోతే అక్టోబరు, నవంబరు తుఫాన్లకి స్లాబు కారిపోతుంది గదా, ఇవ్వాల్సిందే. ఆ వాటం కంటికి ఆనదు, నిలబడితే కాలికీ తెలీదు. కానీ బాల్ ఊరుకోదు. మంచి స్పీడున్న మ్యాట్ మీద పదడుగుల పట్ కొడితే, నూటికి ఒకటి వాటానికే బాల్ దాదాపు కప్పు వెడల్పంత పక్కకి జరిగిపోతుంది. కప్పు వెడల్పే 4.25 అంగుళాలు, అంటే కప్పు నడిమికి గురిపెట్టి కొట్టింది కప్పుని దాటుకుని పక్కనుంచి పోతుందన్నమాట.

మరి ఇంట్లో ఎట్లా పడతా ఉన్నాయి అంటారు. అదే ఇందులో ఉన్న మోసం. మీకు తెలీకుండా మీ చేతులు నేర్చేసుకుంటాయి. నేల ఎడమకి వాటంగా ఉందనుకోండి, కుడిచేతి వాళ్ళైతే మొదటి రెండు మూడు రోజులు బాల్ ఎడమకి పోతుంది, తర్వాత ఎవరూ చెప్పకుండానే పటర్ ఫేస్ (బాల్‌కి తగిలే పలక) కొంచెం కుడికి తెరుచుకోవడం మొదలవుతుంది, బాల్ కుడివైపు బయలుదేరి వాటానికి ఎడమకి తిరిగి కప్పులో పడుతుంది, అబ్బా బాగా కుదిరింది అనుకుంటారు, నెలల తరబడి అదే కొడతారు. ఆదివారం పోయి గ్రీన్ (కప్పు చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి) మీద చదునుగా ఉన్నచోట అదే స్ట్రోక్ కొడితే బాల్ నేరుగా కుడికే పోతుంది, తిప్పేదానికి ఆడ మీ మిద్దె లేదు గదా. ఎంత ఎక్కువ ప్రాక్టీస్ చేస్తే అంత గట్టిగా తప్పు నాటుకుపోతుంది. బద్ధకంగా ఉండి అసలు ప్రాక్టీసే చేయని వాడు వీళ్ళకన్నా నయం.

ఎం.ఆర్.పల్లిలో ఒక డాక్టర్ సార్ ఉన్నారు, ఈ బాధతోనే ఏడాదిలో రెండు పటర్లు మార్చారు. మిద్దె మీద మ్యాట్ వేసి నా ముందర వరసగా కొట్టి చూపించారు, అన్నీ పడ్డాయి. "చూడవయ్యా, ఇందులో తప్పేముంది?" అన్నారు. సార్, మ్యాట్ కదపొద్దు, మీరు అవతలి కొసకి పోయి ఇటు కొట్టండి అన్నా. ఒక్కటీ పడలేదు, అన్నీ కుడికే, అదీ జానెడు దూరంలో. చేయి కుడికి తోస్తా ఉంది, ఇటు తిరిగేసరికి వాటం కూడా కుడికే అయింది, రెండూ కలిసిపోయాయి. ఆయన ఇంకా నమ్మలేదు. చెంబుతో నీళ్ళు తెప్పించి మ్యాట్ పక్కన పోశా. నీళ్ళు ఒక్క నిమిషం ఆగినట్టే ఆగి, మెల్లగా మ్యాట్ కిందికి దూరి, అవతలి అంచులోంచి బయటికొచ్చి, పిట్టగోడ వారగా మూలనున్న గొట్టంలోకి పోయాయి. "ఇల్లు కట్టించింది నేనే, ఈ మూల గొట్టం ఉందని నాకే గుర్తులేదే" అన్నారాయన.

చూసుకునే పద్ధతి: పటర్‌తో కొట్టి చూడొద్దు, మీ చేయి ఇప్పటికే అబద్ధం చెప్తా ఉంటుంది. ఎలక్ట్రికల్ షాపులో వైర్లు పోయేదానికి అమ్మే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ ఒక మూడడుగులు తెచ్చుకోండి, మూత తీసేస్తే బాల్ దాని గాడి మీద కూర్చుంటుంది. ఒక కొస ఏదైనా పుస్తకం మీద పెట్టి బాల్ జారవిడవండి. మ్యాట్ ఈ కొస నుంచి ఆ కొసకి, తర్వాత ఆ కొస నుంచి ఈ కొసకి. రెండుసార్లూ బాల్ ఒకే గోడ వైపు జరిగితే నేల వాటం. రెండుసార్లూ నేరుగా పోతే నేల బాగుంది, తప్పు మీ దగ్గరే ఉంది, కింద మూడో సమస్య చూసుకోండి.

ఫోన్‌లో లెవెల్ యాప్‌తో చూసేవాళ్ళకి ఒక మాట. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉంటుంది, అట్లానే నేల మీద పెడితే అది చూపించేది కెమెరా ఎత్తు, నేల వాటం కాదు. ఫోన్‌ని ఏదైనా పెట్టె అంచు మీద కెమెరా బయటికి వేలాడేటట్టు పెట్టి, ఒకసారి చూసి, పెట్టెతో సహా సగం చుట్టు తిప్పి మళ్ళీ చూడండి. అర డిగ్రీ చూపించినా అంతేలే అని వదలొద్దు, అర డిగ్రీ అంటేనే నూటికి దాదాపు ఒకటి వాటం. తెలిసిన మేస్త్రీ ఉంటే రసమట్టం అడిగి తెచ్చుకోవడం ఇంకా మేలు, ఒక్క పూట పని.

హాల్లో వేసుకుంటాం, మాకీ గొడవ లేదు అనుకోవద్దు. హాలు కూడా బాల్కనీ వైపో కడిగే నీళ్ళు పోయే వైపో కొద్దిగా వాలి ఉంటుంది, పాత ఇళ్ళల్లో కడప బండల నేలైతే ఒక్కో బండా ఒక్కో తీరు.

పరిష్కారం: సులభమైంది ఏందంటే మ్యాట్‌ని వాటానికి అడ్డంగా కాకుండా వాటం వెంబడే వేసుకోవడం. నీళ్ళు పోసి ఎటు పారతాయో చూడండి, ఆ దారిలోనే మ్యాట్ పరచండి. అప్పుడు పట్ నేరుగా ఎగువకో దిగువకో ఉంటుంది, పక్కకి లాగేది ఉండదు, పైగా ఎగువ దిగువ స్పీడు కూడా అలవాటవుతుంది. ఒకటే జాగ్రత్త, మిద్దె మీద వాటం ఒకే పలకగా ఉండదు, రెండు మూడు వైపుల నుంచి వచ్చి ఒక గీత దగ్గర కలుస్తుంది, ఆ గీత దాటేటట్టు మ్యాట్ వేస్తే మళ్ళీ మొదటికే. చోటు చాలక అడ్డంగానే వేయాలంటే, మ్యాట్ కింద అడుగు వెడల్పు ప్లైవుడ్ పెట్టి దిగువ అంచు కింద అట్టలు దూర్చండి. అడుగు వెడల్పుకి నూటికి ఒకటి వాటమంటే 3 మిల్లీమీటర్లే, రెండు మూడు అట్టముక్కలతో సరిపోతుంది. కేసింగ్ పట్టీతో మళ్ళీ జారవిడిచి చూసుకోండి.

నేల సరిచేయగానే మీ పట్‌లు ఇంట్లో కూడా పడడం మానేస్తాయి. భయపడి అట్టలు పీకేయొద్దు. బాల్ ముందర రెండడుగుల దూరంలో రెండు పెన్సిల్ సెల్స్ నిలబెట్టండి, మధ్యలో 55 మిల్లీమీటర్ల సందు. బాల్ దాదాపు 43 మిల్లీమీటర్లు, కాబట్టి అటు 6, ఇటు 6 మిగులుతుంది. కప్పు వైపు చూడడం మానేసి ఈ సందులోంచి పంపడమే పని. రోజూ ఒకే పక్క సెల్ పడిపోతా ఉంటే చేయి ఇంకా పాత మిద్దె మీదే ఉన్నట్టు. వారం పది రోజులు పట్టొచ్చు, ఓపిక పట్టాల్సిందే.

సమస్య: పక్కకి పోదు, కానీ చాలదు, లేదంటే దాటిపోతుంది

ముందు మీ మ్యాట్ చివర చూడండి. బాల్ వెనక్కి వచ్చేదానికి కప్పు దగ్గర ఎత్తు కట్టి ఉంటుందే, ఆ రకమైతే రోజూ ఆ ఎత్తు ఎక్కించేదానికి గట్టిగా కొట్టడం నేర్చుకుంటున్నారు మీరు. గ్రీన్ మీద అది నాలుగైదు అడుగులు దాటిపోతుంది, రెండుసార్లు అట్లా దాటిందంటే మూడోసారి భయపడి సగంలో చేయి ఆపేస్తారు, అప్పుడు చాలదు. రెండు జబ్బులకీ మూలం ఒకటే. ఆ ఎత్తు ముక్క తీసేయండి, కప్పు బదులు ఒక రూపాయి బిళ్ళ పెట్టుకోండి. కప్పు మూసేసి ఉంటే బాల్ దాన్ని ఎంత దూరం దాటి ఆగాలి అన్న లెక్కకి, నాసాలో పనిచేసి గోల్ఫ్‌లోకి వచ్చిన డేవ్ పెల్జ్ అనే ఆయన 17 అంగుళాలు అని చెప్పాడు, మన లెక్కలో మూరెడు లోపలే. మ్యాట్ మీద ఆ మూరెడు దగ్గర ఒక దారం అంటించి, బిళ్ళ దాటి దారం లోపల ఆపడం చేయండి.

ఇంకోటి, మీ మ్యాట్ స్పీడూ కోర్స్ గ్రీన్ స్పీడూ ఒకటి కాదు. గ్రీన్ స్పీడు కొలిచే స్టింప్‌మీటర్ ఉంది గదా, 1935 లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన తయారుచేసింది, అది గాడి ఉన్న మూడడుగుల పట్టీ, అంతే, దానిమీంచి జారిన బాల్ ఎన్ని అడుగులు పోతే అదే నంబరు. మీ దగ్గరున్న కేసింగ్ పట్టీ కూడా దాని తమ్ముడే. ఇంట్లో ఒక గుర్తు పెట్టుకుని బాల్ జారవిడిచి ఎంత దూరం పోయిందో చూసుకోండి, ప్రాక్టీస్ గ్రీన్ మీద అదే పట్టీ, అదే ఎత్తు, అదే గుర్తు. తేడా అక్కడే తెలిసిపోతుంది, తొమ్మిది హోల్స్ పోగొట్టుకుని తెలుసుకోనక్కర్లేదు.

మన వైపు ఎండలకి ఆగేది బెర్ముడా గడ్డి, చాలా గ్రీన్స్ అవే. ఆ గడ్డి ఒక పక్కకి వాలి పెరుగుతుంది. మీరు నిలబడిన చోటి నుంచి మెరుస్తా కనిపిస్తే గడ్డి కప్పు వైపు వాలి ఉంది, బాల్ తొందరగా పోతుంది, ముదురుగా కనిపిస్తే ఎదురు, ఇంకొంచెం కొట్టాలి. అర్థం కాకపోతే కప్పు అంచు చూడండి, ఏ పక్క అంచు చిరిగినట్టు ఉంటే గడ్డి ఆ పక్కకి పోతా ఉన్నట్టు. మధ్యాహ్నం అయ్యేసరికి గడ్డి పెరిగి పొద్దున ఉన్నంత స్పీడు ఉండదు, అదీ లెక్కలో పెట్టుకోండి.

సమస్య: నేల చదునే, అయినా ఎప్పుడూ ఒకే పక్కకి

ఇది మాత్రం మీదే. బాల్ ఎటు బయలుదేరాలో ఎక్కువ భాగం నిర్ణయించేది ఫేస్ ఎటు చూస్తా ఉందన్నదే, చేయి ఊపిన దారి కొంచెమే. పదడుగులకి ఒక్క డిగ్రీ తేడా అంటే రెండు అంగుళాలు, కప్పు నడిమి నుంచి అంచుకి వచ్చేసినట్టే.

చాలామందికి బాల్ మరీ దూరంగా ఉంటుంది. షాపుల్లో దొరికేవి 34, 35 అంగుళాల పటర్లు, మన ఎత్తుకి పొడుగెక్కువ, దాంతో వెనక్కి జరిగి నిలబడతారు, పటర్ ముక్కు (అవతలి కొస) గాల్లోకి లేస్తుంది, లేస్తే కుడిచేతి వాళ్ళకి ఫేస్ ఎడమకి చూస్తుంది, పైగా కళ్ళు లైన్‌కి ఇవతల ఉండిపోతాయి, గురే తప్పు. మామూలుగా నిలబడి, రెండు కళ్ళ మధ్య నుంచి ఇంకో బాల్ కిందికి వదలండి. కింది బాల్ మీద పడాలి, లేదంటే కొంచెం మీ కాళ్ళ వైపు పడాలి, అంతకన్నా ఇవతల పడితే దగ్గరికి జరగండి. పటర్‌ని కొంచెం కిందికి పట్టుకోండి, పొడుగు కోయించే పని తర్వాత చూద్దాం.

సెకండ్ హ్యాండ్ పటరైతే గ్రిప్ కూడా చూడండి. గ్రిప్‌కి ముందు పక్క చదునుగా ఉంటుంది, బొటనవేళ్ళు దానిమీద పెడతాం. ఎవరో గ్రిప్ మార్చేటప్పుడు అది వంకరగా ఎక్కించి ఉంటే, వేళ్ళు నేరుగా ఉన్నా ఫేస్ ఇంకెటో ఉంటుంది. గ్రిప్ తీయించి మళ్ళీ ఎక్కిస్తే అయిపోతుంది.

సమస్య: కొట్టగానే బాల్ చిన్నగా ఎగురుతుంది

పటర్‌కి 3, 4 డిగ్రీల లోఫ్ట్ (ఫేస్ పైకి వాలిన కోణం) ఉంటుంది. చేతులు మరీ ముందుకి తోస్తే అది పోయి బాల్ నేలకి తగిలి ఎగురుతుంది, వెనక్కి ఉంటే లోఫ్ట్ పెరిగి లేస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ తీసుకోండి, షాఫ్ట్ (పటర్ కడ్డీ) దాదాపు నిటారుగా ఉండాలి, బాల్ కాళ్ళ నడిమికి కొంచెం ముందుండాలి.

మిగిలినవి

బాల్ లోపల బరువు సమంగా లేదేమో అని ఉప్పునీళ్ళలో తేలేసి గీతలు గీసే వాళ్ళున్నారు, మంచి బాల్ కొనుక్కుంటే ఆ పని అక్కర్లేదు. చేయి వణికి పట్టు తప్పే యిప్స్ నిజమే, కానీ నా దగ్గరికి యిప్స్ అని వచ్చిన వాళ్ళల్లో ఎక్కువ మందిది వాటమే, ముందు చెంబు నీళ్ళు పోయండి. పొడుగు పటర్‌ని ఛాతీకి ఆనించి కొట్టడం 2016 నుంచి రూల్స్ ఒప్పుకోవు, ఆ ఆలోచన మానుకోండి. 2019 నుంచి జెండా కర్ర తీయకుండానే పట్ చేయొచ్చు, కర్రకి తగిలి బాల్ బయటికి వచ్చేసింది అని తిట్టుకుంటా ఉంటారు, మెల్లగా వచ్చి కర్ర నడిమికి తగిలిన బాల్ మామూలుగా లోపలే పడుతుంది, మీది బయటికి వస్తా ఉందంటే గట్టిగా కొడుతున్నారని, పైన రెండో దాంట్లో ఎత్తు ముక్క సంగతి మళ్ళీ చదవండి.