వాయిద్య సాధన మధ్యలో పది సెకన్లు ఆగి చూడండి

వీణో వయొలినో నేర్చుకునేవాళ్లు చాలామంది గంటసేపు ఏకబిగిన వాయిస్తేనే సాధన అనుకుంటారు. వర్ణం అనే సాధన రచనలో చిట్టస్వరం, అంటే స్వరాలతో కూర్చిన ముక్క, ఒకచోట తడబడుతుంటే మొదటినుంచీ ఎత్తుకోకండి. ఆ ఒక్క ముక్కనే నెమ్మదిగా రెండు మూడు సార్లు వాయించి, చేతులు తీసేసి పది సెకన్లు ఊరికే కూర్చోండి. ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు. తర్వాత మళ్లీ వాయించండి.

ఇది బద్ధకానికి సాకేం కాదు. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ పరిశోధకులు 2021లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. ఐదు మీటల వరుసను 10 సెకన్లు నొక్కించి, 10 సెకన్లు ఆపించారు. ఆగిన ఆ కాసేపట్లో మెదడు అదే వరుసను సుమారు 20 రెట్లు వేగంగా లోలోపల తిరగేసుకుంటోందని తేలింది. అక్కడ ఉన్నది వీణ కాదు, టైపింగ్ కీబోర్డు. అయినా వేళ్లకి వరుస నేర్పడమే కదా!

అరగంటకోసారి లేవడం వేరే సంగతి, అది ఒంటి కోసం. మే నెల విజయవాడ ఉక్కపోతలో చెమటకి వేళ్లు తీగ మీద జారిపోతాయి. చేతులు తుడుచుకుని, మంచినీళ్లు తాగి రండి. మణికట్టు లాగుతుంటే ఆ పూటకి చాలు.

పిల్లలని ఘంటసాల సంగీత కళాశాలలో చేర్చిన అమ్మానాన్నలకి ఒక మాట: పరీక్షల టెన్షన్ మీకే ఎక్కువ. వాళ్లు కాసేపు ఆగితే "ఏంటి, వాయించవేం?" అని వంటింట్లోంచి కేకేయకండి.