కుక్క వెనుక భాగాన్ని నేలకు రాస్తోందా? మలద్వార గ్రంథుల ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

ఇంట్లో కుక్కకు స్నానం చేయించిన ప్రతిసారీ మలద్వార గ్రంథులను నొక్కి ఖాళీ చేయాలన్న అభిప్రాయం పెంపకందార్లలో బాగా పాతుకుపోయింది. గోళ్లు కత్తిరించడం, చెవులు తుడవడం వంటి పనుల సరసన దీన్నీ చేర్చేస్తారు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఈ పని అవసరం లేదు. అవసరం లేని చోట పదే పదే నొక్కితే ఆ సున్నితమైన భాగం వాచి, లేని సమస్యను మనమే తెచ్చిపెట్టినట్లవుతుంది. ముందు లక్షణాన్ని గమనించాలి, తరువాత కారణం తేల్చుకోవాలి. చేయి వేయడం ఆ తరువాతి మాట.

మలద్వారానికి రెండు పక్కలా చర్మం కింద ఒక్కొక్కటి చొప్పున చిన్న తిత్తులు ఉంటాయి. మలద్వార గ్రంథులంటే ఇవే. తోక పైకెత్తి చూసినప్పుడు, గడియారం ముఖంతో పోల్చి చెప్పాలంటే, ఇవి ఇంచుమించు 4 గంటలు, 8 గంటలు చూపే చోట్ల ఉంటాయి. ఒక్కో తిత్తి నుంచి ఒక సన్నని నాళం బయలుదేరి మలద్వారం అంచున తెరుచుకుంటుంది. గట్టి మలం బయటికి వచ్చేటప్పుడు కలిగే ఒత్తిడికి తిత్తిలోని స్రావం కొంత విడుదలవుతుంది. మలం మెత్తగా ఉంటే ఆ ఒత్తిడి చాలక స్రావం లోపలే నిలిచి చిక్కబడుతుంది, నాళం మూసుకుపోతుంది. ఇబ్బందుల్లో చాలా భాగం ఇక్కడే మొదలవుతాయి.

నేలకు రాసుకోవడం, వెనుక భాగాన్ని అదేపనిగా నాకడం

కుక్క కూర్చుని ముందుకాళ్లతో ఈడ్చుకుంటూ వెనుక భాగాన్ని నేలకు రాస్తుంటే అందరూ మొదట గ్రంథులనే అనుమానిస్తారు. అనుమానంలో తప్పు లేదు గానీ, ముందు తోక ఎత్తి మంచి వెలుతురులో చూడాలి. మలద్వారం చుట్టూ జుట్టు చిక్కుపడి మలం అంటుకుని ఉంటే, గోరువెచ్చని నీటితో నానబెట్టి, విప్పి, ఆ భాగం జుట్టును పొట్టిగా ట్రిమ్ చేస్తే సరిపోతుంది. తెల్లని, బియ్యపు గింజల్లాంటి ముక్కలు జుట్టుకు గానీ మలానికి గానీ అంటుకుని కనిపిస్తే అవి పేగుల్లో ఉండే బద్దెపురుగు ముక్కలు. కుక్క బరువును బట్టి పశువైద్యుడు ఇచ్చే మందుతో పాటు ఒంటి మీది ఫ్లీ పురుగులను కూడా పోగొట్టాలి. ఈ బద్దెపురుగుల్లో సాధారణంగా కనిపించే రకం, కుక్క ఆ ఫ్లీ పురుగులను మింగడం వల్లే సోకుతుంది కనుక ఒక్క మందుతో ఊరుకుంటే మళ్లీ వస్తుంది. ట్రిమ్మింగ్ చేసిన మర్నాడే రాసుకోవడం మొదలైతే బ్లేడు వేడికి గానీ ఒరుసుకుని గానీ చర్మం కమిలి ఉండవచ్చు. ఇక పాదాలు నాకడం, చెవులు గోక్కోవడం కూడా తోడైతే అలర్జీ ఆలోచన రావాలి. అలర్జీ ఉన్న కుక్కల్లో మలద్వారం చుట్టూ దురద ఉంటుంది, గ్రంథులూ తరచుగా ఇబ్బంది పెడతాయి. అప్పుడు గ్రంథులను ఎన్నిసార్లు నొక్కినా దురద తగ్గదు, అలర్జీకే చికిత్స చేయించాలి.

ఉన్నట్టుండి చేపల కంపు

భయపడినప్పుడు, బెదిరినప్పుడు కుక్కలు ఈ స్రావాన్ని ఒక్కసారిగా వదిలేస్తాయి. అలా ఒకసారి జరిగి, కుక్క మామూలుగా ఉంటే ఒళ్లు కడిగి ఊరుకోవచ్చు. పడుకున్న చోటల్లా మరకలు, రోజూ అదే కంపు ఉంటే మాత్రం తిత్తులు నిండి కారుతున్నాయని అర్థం.

తిత్తులు నిండాయి, కానీ నొప్పి లేదు

ఇంట్లో చేయదగిన పని ఈ ఒక్క స్థితిలోనే ఉంది. అదీ వెలుపలి నుంచి నొక్కే పద్ధతే. మలద్వారంలోకి వేలు పెట్టి ఖాళీ చేసే పద్ధతి మరింత పూర్తిగా పని చేస్తుంది గానీ, దాన్ని పశువైద్యుడికి వదిలేయాలి. వెలుపలి పద్ధతిని కూడా మొదటిసారి ఆయన చేస్తుండగా దగ్గరుండి చూసి నేర్చుకోవడం మేలు, ఎందుకంటే ఎంత బలంతో నొక్కాలన్నది రాతలో చెప్పగలిగేది కాదు.

షాంపూ పట్టించడానికి ముందే ఈ పని చేస్తే తరువాతి స్నానంలో కంపు కొట్టుకుపోతుంది. ఒకరు కుక్కను నిలబెట్టి, మెడ దగ్గర ఒక చేయి, పొట్ట కింద ఒక చేయి వేసి పట్టుకోవాలి. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డను కొన్ని నిమిషాలు అక్కడ అద్ది ఉంచితే చిక్కబడిన స్రావం కాస్త వదులవుతుంది. గ్లౌజులు వేసుకుని, ఒక చేత్తో తోకను మొదలు దగ్గర పట్టి పైకెత్తాలి. రెండో చేతిలో మడిచిన దూదిని లేదా మెత్తని గుడ్డను మలద్వారానికి అడ్డంగా పెట్టుకుని, బొటనవేలు ఒక తిత్తికి, చూపుడువేలు రెండో తిత్తికి కిందుగా, వెలుపలి వైపున ఆనించాలి. అక్కడి నుంచి కొద్దిగా లోపలికి అదిమి, వేళ్లను పైకి, మలద్వారం వైపు దగ్గరకు తీసుకురావాలి. తిత్తి మీదే నేరుగా పిండితే స్రావం బయటికి రావడానికి బదులు లోపలే ఒత్తిడి పెరుగుతుంది, నొప్పి పుడుతుంది. ముఖాన్ని పక్కకు పెట్టుకోవడం మరవకూడదు. స్రావం చిమ్మితే ఎంత దూరం వస్తుందో ఊహించడం కష్టం.

వచ్చినదాన్ని గుడ్డ మీద చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనే దాని రంగు లేత పసుపు నుంచి గోధుమ రంగు వరకు మారుతుంది కాబట్టి ఒక్క రంగును చూసి కంగారు పడనక్కర్లేదు. పల్చగా వస్తే సరి. ముద్దలా, పేస్టులా వస్తే నాళం మూసుకుపోతున్నట్టు. చీము గానీ రక్తం గానీ కనిపిస్తే ఇంటి వైద్యం అక్కడితో ఆపాలి. రెండు మూడు మెత్తని ప్రయత్నాలకు ఏమీ రాకపోయినా, కుక్క మూలిగినా, వెనక్కి తిరిగి కరవబోయినా బలం పెంచకూడదు. అలా చేస్తే తిత్తి లోపలే చిట్లవచ్చు.

నొప్పి, ఎరుపు, ఒక పక్క వాపు

కూర్చోవడానికి ఇబ్బంది పడటం, మలవిసర్జనకు ముక్కడం, తోక ముట్టనివ్వకపోవడం, మలద్వారానికి ఒక పక్కన ఎర్రగా లేదా ఊదారంగులో ఉబ్బడం, ఇవన్నీ ఇన్‌ఫెక్షన్ చీముగడ్డగా మారుతున్న సూచనలు. దాన్ని నొక్కకూడదు, సూదితో పొడవకూడదు. ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. ఆయన మత్తు ఇచ్చి తిత్తిని సెలైన్‌తో కడగడం, చీముగడ్డ అయితే కోసి చీము తీయడం, యాంటీబయాటిక్, నొప్పి మందు ఇవ్వడం చేస్తారు. ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ కుక్కకు వేయడం ప్రమాదకరం. గడ్డ ఇంట్లోనే పగిలి చీము కారితే కుక్కకు ఉపశమనంగా కనిపిస్తుంది, యజమానులు అక్కడే మోసపోతారు. గాయం పైకి మానినా లోపల శుభ్రం కాకపోతే గడ్డ తిరిగి వస్తుంది. నాకకుండా మెడకు గరాటు లాంటి కోన్ వేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

నొప్పి లేని గట్టి గడ్డ

దీన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. నిండిన తిత్తి నొక్కితే కాస్త లొంగుతుంది, ఖాళీ అయ్యాక మెత్తబడుతుంది. ఖాళీ చేశాక కూడా గట్టిగా మిగిలే గడ్డ, ముఖ్యంగా వయసు మళ్లిన కుక్కలో, క్యాన్సర్ కావచ్చు. ఈ రకం క్యాన్సర్ కొన్ని కుక్కల్లో రక్తంలో కాల్షియంను పెంచుతుంది, దానితో అవి అతిగా నీళ్లు తాగి అతిగా మూత్రం పోస్తాయి. ఈ రెండు లక్షణాలు తోడైతే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఖాళీ చేసినా మళ్లీ మళ్లీ నిండడం

ఇక్కడ చూడవలసింది మలాన్ని. మెత్తగా, ఆకారం లేకుండా ఉంటే తిండి మార్చాలి, పీచు పెంచాలి. ఉడికించిన, ఉప్పూ తీపీ కలపని గుమ్మడికాయ గుజ్జు గానీ, ఇసబ్‌గోల్ గానీ కుక్క పరిమాణానికి తగినంత, పశువైద్యుడు చెప్పిన మోతాదులో, తగినన్ని నీళ్లతో పాటు ఇవ్వవచ్చు. బొద్దుగా ఉన్న కుక్కలో తిత్తుల చుట్టూ కొవ్వు చేరి అవి సరిగ్గా ఖాళీ కావు. బరువు తగ్గించడమే మందు. చిన్న జాతులకు ఈ బెడద ఎక్కువ. ఇవన్నీ చేసినా ఇన్‌ఫెక్షన్ తిరగబెడుతూ ఉంటే శస్త్రచికిత్సతో తిత్తులను తీసివేయడం ఒక మార్గం. అయితే మలాన్ని ఆపుకునే కండరాలు, నరాలు అక్కడే ఉన్నందువల్ల అరుదుగా ఆ పట్టు తప్పే ప్రమాదం ఉంది కనుక, ఈ శస్త్రచికిత్సలో చేయి తిరిగిన సర్జన్ దగ్గరకే వెళ్లాలి.