ఇంటర్నెట్ మొరాయించినా పాఠం ఆగకుండా

మా మూడో తరగతిలో ట్యాబ్లెట్లు తెరవగానే వీడియో మొదలై సగంలో ఆగిపోయేది. ఎనిమిదేళ్ల పిల్లలు ఖాళీ తెరను ఎంతసేపని చూస్తారు? పాఠం అక్కడే చెదిరిపోయేది. నాకు చాలా బాధగా ఉండేది.

ట్యాబ్లెట్లలో లోపం లేదు. ఒకే వీడియోను 30 ట్యాబ్లెట్లు విడివిడిగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటున్నాయి. ఒక్కోదానికి సెకనుకు 2 మెగాబిట్లు అనుకున్నా మొత్తం 60 కావాలి. మా కనెక్షన్ అంత మోయలేదు.

అందుకే పాత ల్యాప్‌టాప్‌లో కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఇంటర్నెట్ లేని చోట్ల కోసమే తయారైనది ఇది. కావలసిన పాఠాలను సాయంత్రం దించుకుంటే, మర్నాడు తరగతిలో అదే రౌటర్ వైఫైకి కలిసిన ట్యాబ్లెట్లు బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ చిరునామా (రౌటర్ దానికి ఇచ్చే ఐపీ నంబరు), చివర :8080 కొట్టి నేరుగా దాని నుంచే చూస్తాయి. బయటి ఇంటర్నెట్‌తో పనే లేదు.

మూడు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు కేబుల్‌తోనే కలపాలి. వైఫై భారం బాగా తగ్గుతుంది. రౌటర్ సెట్టింగుల్లో దాని చిరునామాను స్థిరం చేయాలి, లేకపోతే అది మారిపోయి పిల్లలకు పేజీ తెరుచుకోదు. ల్యాప్‌టాప్ నిద్రావస్థలోకి వెళ్లకుండా కూడా చూసుకోవాలి.

ఇద్దరికి ఒక ట్యాబ్లెట్ ఇవ్వడం ఇంకా మేలు చేసింది. భారం సగమైంది. అంతకన్నా ముఖ్యంగా, భిన్నాల లెక్క దగ్గర పిల్లలు వీడియో ఆపి, ఒకరితో ఒకరు వాదించుకుని, మళ్లీ నడిపిస్తున్నారు.