భోగి పొద్దున రెండొందల మందికి టిఫిన్: ఏది ఎందుకు చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

కాలనీలో భోగి మంట వేసుకుని, ఆ పొద్దున అందరికీ అక్కడే టిఫిన్ పెడదామని ఎవరో ఒకరు అంటారు. సరేనని నలుగురైదుగురు ముందుకొస్తారు. ఇంట్లో పదిహేను మందికి ఒంటిచేత్తో వండిపెట్టే వాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. వంట రాక కాదు. ఇరవై లీటర్ల నీళ్లు మరగడానికి పట్టే టైము, గుండిగ అడుగున నిలిచే వేడి, జనవరి చలికి పిండి పులిసే తీరు ఇంటి లెక్కను ఇరవైతో హెచ్చవేస్తే రావు. పైగా తెల్లారి ఐదింటికి కనబడే కష్టాల్లో చాలావాటికి మూలం ముందు రోజు మధ్యాహ్నమే ఉంటుంది.

కింద చెప్పేదంతా ఇడ్లీ, కట్టెపొంగలి, ఉప్మా, రెండు పచ్చళ్లు, కాఫీ, టీ అనుకుని రాస్తున్నాను. 200 మందికి ఇడ్లీకి 4 కిలోల మినపగుళ్లు, 8 కిలోల ఇడ్లీ రవ్వ తీసుకుంటే సుమారు 500 ఇడ్లీలు వస్తాయి. పొంగలికి 5 కిలోల బియ్యం, రెండున్నర కిలోల పెసరపప్పు, ఉప్మాకి 6 కిలోల బొంబాయి రవ్వ చాలు. అట్టు, పెసరట్టు జోలికి మాత్రం వెళ్లొద్దు. పెనం దగ్గర ఒక్కొక్కటిగా దిగే ఏ వంటకమైనా రెండొందల మందిని నిలబెట్టేస్తుంది.

పిండి పొంగలేదు

సంక్రాంతి రోజుల్లో ఎక్కువగా వినబడే మాట ఇదే. రాత్రి ఎనిమిదింటికి రుబ్బి మూత పెడతారు, తెల్లవారుజామున చూస్తే పోసింది పోసినట్టే ఉంటుంది. కారణం చలి. హైదరాబాద్‌లో జనవరి రాత్రి 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, ఆదిలాబాద్ వైపు 10కి కిందకి కూడా దిగుతుంది. విజయవాడలో అంత చలి ఉండదు కాబట్టి అక్కడి చుట్టాలు ఫోన్లో చెప్పిన టైము ఇక్కడ పనిచేయదు. ఎండాకాలంలో ఏడెనిమిది గంటల్లో పులిసే పిండికి ఈ చలిలో పన్నెండు నుంచి పదహారు గంటలు పడుతుంది.

అంటే ఐదింటికి ఇడ్లీ వేయాలంటే ముందు రోజు మధ్యాహ్నం రెండింటికల్లా రుబ్బడం అయిపోవాలి, పప్పు పొద్దున తొమ్మిదికల్లా నానబెట్టాలి. నాలుగు కిలోల పప్పు ఇంటి గ్రైండర్లో ఒక్కసారి పట్టదు. నాలుగిళ్లకు కిలో చొప్పున పంచుకోండి, లేదా పెద్ద గ్రైండర్ అద్దెకి తెచ్చుకోండి. గోరువెచ్చటి నీళ్లు పోసి రుబ్బండి. పప్పుతో పాటు కిలోకి ఒక చెంచా మెంతులు నానబెడితే పులుపు అందుకుంటుంది. ఉప్పు పొద్దునే కలపండి, చలిలో ఉప్పు ముందే పడితే పులియడం ఇంకా ఆలస్యమవుతుంది. గిన్నె సగానికి మించి నింపకుండా పెట్టి, గోనెసంచి గానీ పాత దుప్పటి గానీ చుట్టి వంటింట్లో ఉంచండి. హాలు చల్లటి గచ్చు మీద మాత్రం పెట్టొద్దు.

రాత్రి పదింటికి ఒక్కసారి మూత తీసి చూడండి. పైన చిన్న చిన్న బుడగలు, అంచున కాస్త పొంగు, ముక్కుకి తగిలీ తగలని పులుపు వాసన ఉంటే నిశ్చింతగా పడుకోవచ్చు. అవేవీ లేకపోతే, చెయ్యి పెట్టి తట్టుకోగలిగేంత వేడి నీళ్లున్న వెడల్పాటి టబ్బులో గిన్నెను దించి, ఆ నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చండి. రెండు మూడు గంటల్లో పిండి కదులుతుంది.

తెల్లారాక కూడా పొంగకపోతే చివరి దారి వంట సోడా. కిలో పిండికి పావు చెంచా, అదీ ఏ వాయికి ఆ వాయి, ప్లేట్లలో పోసే ముందు కలపాలి. పిండి మొత్తానికి ఒకేసారి కలిపితే నాలుగో వాయి వచ్చేసరికి గాలి పోయి ఇడ్లీ చప్పబడుతుంది.

ఇడ్లీ గట్టిగా వస్తోంది, ప్లేటుకి అంటుకుంటోంది

గట్టిగా వస్తే రవ్వ ఎక్కువైనట్టు, లేదా పప్పు చాలినంత మెదగనట్టు. రుబ్బిన పప్పు చిన్న ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి. తేలకపోతే ఇంకాసేపు తిరగనివ్వండి, ఇది రుబ్బే రోజునే చూసుకోవలసిన సంగతి. చదునుగా పరుచుకుంటే రవ్వలో నీళ్లు పిండకుండా కలిపారన్నమాట. కాస్త రవ్వ కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి, పిండిలో కలిపి అరగంట ఆగండి.

అంటుకోవడానికి కారణం తొందరే. దించగానే గీకితే సగం ప్లేటుకే ఉండిపోతుంది. రెండు నిమిషాలు ఆగి, తడి చెంచాతో తీయండి. కింది ప్లేటు ఇడ్లీలు మాత్రమే చిత్తడిగా వస్తుంటే పాత్రలో నీళ్లు ఎక్కువై ప్లేటును తాకుతున్నాయి.

ఇక అసలు చిక్కు టైముతో. వాయికి 60 ఇడ్లీలు దిగే పాత్రలో 500 ఇడ్లీలకు దాదాపు తొమ్మిది వాయిలు. పోయడం, ఉడకడం, తీయడం కలిపి వాయికి ఇరవై నిమిషాలు వేసుకున్నా మూడు గంటలు. రెండు పాత్రలు పెడితేనే గంటన్నరకి వస్తుంది. తీసిన ఇడ్లీలను తడిపి పిండిన నూలుగుడ్డ పరిచిన హాట్‌బాక్సులో సర్దితే గంటసేపు మెత్తగా, వేడిగా ఉంటాయి.

నీళ్లు మరగడం లేదు, మంట సన్నబడింది

ఇంటి గ్యాస్ పొయ్యి మీద ఇరవై లీటర్ల నీళ్లు పెడితే మరగడానికి గంటకు పైనే పడుతుంది. ఇలాంటి వంటకి పెద్ద బర్నరున్న భట్టీ పొయ్యి, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఉండాలి. ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను ఇలాంటి వాటికి వాడకూడదు కూడా.

సిలిండర్ నిండుగా ఉన్నా మంట తగ్గిపోతుంటే దాని కింది భాగం తాకి చూడండి. మంచు ముద్దలా చల్లగా ఉండి, పైన తెల్లగా నురగలాంటి పొర కనబడుతుంది. లోపలున్న ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. పెద్ద బర్నర్ గ్యాస్‌ను వేగంగా లాగేస్తుంటే ఆ వేడి సిలిండర్‌లోంచే పోతుంది. అది చల్లబడేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. చలి పొద్దున ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. రెండో సిలిండర్ సిద్ధంగా పెట్టుకుని మార్చి మార్చి వాడటమే మందు. కాసేపు విడిచిపెడితే మొదటిది మళ్లీ మామూలుకొస్తుంది. దాన్ని వేడి చేద్దామని మంట దగ్గరికి జరపడం, భోగి నిప్పులు పక్కన పోయడం లాంటివి ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోవద్దు. ప్రాణాల మీదకి వస్తుంది.

వంట చేసే చోటు కూడా భోగి మంటకు బాగా దూరంగా ఉండాలి. గాలి పొయ్యిల వైపు నుంచి మంట వైపు వీచేలా చూసుకోండి. లేకపోతే నిప్పురవ్వల భయం ఒకటి, బూడిద ఎగిరొచ్చి పొంగలి గుండిగలో పడటం ఒకటి.

ఉప్మా ఉండలు కట్టింది, అడుగంటింది

ఉండలకు కారణం నీళ్లు తెర్లకముందే రవ్వ పోయడం, లేదా ఒకే మనిషి పోస్తూ కలపడం. ఇద్దరుండాలి. ఒకరు రవ్వను సన్నటి ధారగా పోస్తుంటే ఇంకొకరు చేయి ఆపకుండా తెడ్డుతో తిప్పాలి. రవ్వ ముందు రోజే ఇళ్లలో వేయించి ఉంచుకోండి, పొద్దున ఆరు కిలోలు వేయించే తీరిక ఉండదు. నీళ్లు ఇంట్లో ఒకటికి మూడు పోసేవాళ్లు ఇక్కడ రెండున్నరతో మొదలుపెట్టాలి. పెద్ద గుండిగలో ఆవిరైపోయే వాటా తక్కువ. పక్కన వేరే పొయ్యి మీద వేణ్ణీళ్లు ఉంచుకుంటే తర్వాత ఎంతైనా పోసుకోవచ్చు.

మాడు వాసన వచ్చిన క్షణాన తెడ్డు పక్కన పెట్టేయండి. కలిపితే ఆ మాడు మొత్తానికి పడుతుంది. గుండిగ దించి, అడుగు తగలకుండా పైపైన ఉన్నదాన్ని వేరే గిన్నెలోకి తీయండి. అడుగున రెండు కిలోలు పోయినా మిగతాది దక్కుతుంది.

పొంగలి ముద్దయిపోయింది

దించినప్పుడు సరిగ్గా ఉన్న పొంగలి అరగంటకే గట్టిపడుతుంది, బియ్యం, పప్పు ఇంకా నీళ్లు పీలుస్తూనే ఉంటాయి కాబట్టి. అందుకే దించేటప్పుడు జారుగా, గరిటెలోంచి ధారగా పడేలా ఉండాలి. గట్టిపడితే మరుగుతున్న నీళ్లు పోసి కలపండి, చన్నీళ్లు పోస్తే జిగురు జిగురవుతుంది. మిరియాలు, జీలకర్ర, అల్లం, జీడిపప్పు, కరివేపాకు నేతి తాలింపు సగం ఉడికేటప్పుడు, సగం వడ్డించే ముందు వేస్తే ఆఖరి వరసలో వచ్చినవాళ్లకీ ఆ ఘుమఘుమ అందుతుంది.

పండగపూట ఉల్లిపాయ తిననివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు పొంగలే ఆధారం. దాని గరిటె ఉప్మాలో పెట్టొద్దని వడ్డించేవాళ్లకు ముందే చెప్పాలి.

ఉప్పు ఎక్కువైంది

దీనికి కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: “వదినా, ఉప్పు వేశావా?” అని అడగకుండా ఇద్దరు వేయడం. ప్రతి గుండిగకీ ఉప్పు వేసే మనిషి ఒక్కరే ఉండాలి. కిలో రవ్వకి 40 గ్రాముల లోపు తూచి, పొట్లాలు కట్టి, పొట్లం మీద పేరు రాసి పెట్టుకోండి. పొట్లం ఖాళీ అయిందంటే ఉప్పు పడినట్టే, ఇక ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

ఎక్కువైపోతే ఉప్పు లేకుండా ఇంకాస్త ఉప్మా చేసి అందులో కలపడమే దారి. బంగాళదుంప ఉప్పును లాగేస్తుందంటారు గానీ, ఇరవై కిలోల ఉప్మాలో దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

పచ్చడి పులిసింది

కొబ్బరి పచ్చడి రాత్రే రుబ్బేశారు. అంతే కారణం. పల్లీలు, మిర్చి వేయించడం, చింతపండు నానబెట్టడం ముందు రోజు చేసుకోండి. రుబ్బడం తెల్లవారాక, కాచి చల్లార్చిన నీళ్లతో చేయాలి. అల్లం పచ్చడి మాత్రం రెండు రోజుల ముందు చేసినా నిలుస్తుంది, రుచి పెరుగుతుంది కూడా. కొబ్బరి పచ్చడి ముందు పల్లీలున్నాయని రాసిన అట్టముక్క పెట్టండి, పల్లీలు పడని పిల్లలుంటారు.

అందరూ ఒకేసారి వచ్చారు, లైను కదలడం లేదు

భోగి పొద్దున జనం రెండు విడతలుగా వస్తారు. ఐదింటికి మంట దగ్గర చేరినవాళ్లకు కావలసింది వేడి కాఫీ మాత్రమే. ఆ తర్వాత ఇళ్లకెళ్లి తలంటుకుని ఏడున్నరకి ఆకలితో వస్తారు. టిఫిన్ ఐదింటికే అని ప్రకటించేస్తే వంటవాళ్లు రాత్రంతా మేలుకోవాలి, తినేవాళ్లు మాత్రం అప్పుడు తినరు. ఐదింటికి కాఫీ, టీ, ఏడున్నరకి టిఫిన్ అని వాట్సాప్ గ్రూపులో రెండు రోజుల ముందే పెట్టండి. చిన్న కప్పుల్లో పోస్తే పది లీటర్ల పాలతో నూరు కప్పులు ధారాళంగా వస్తాయి.

వడ్డన బల్ల ఒకటే ఉంటే పచ్చడి దగ్గర లైను ఆగిపోతుంది. రెండు బల్లలు, రెండు వైపులా అన్నీ ఉంచండి. పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు కుర్చీల దగ్గరికే తీసుకెళ్లి ఇవ్వాలి.

ఆఖరున కొందరికి అందలేదు

మొదట వచ్చినవాళ్లకు ప్లేటు నిండా పెట్టేయడం వల్ల ఇలా అవుతుంది. తొలి విడతలో రెండు ఇడ్లీ, ఒక గరిటె పొంగలి, ఒక గరిటె ఉప్మా పెట్టండి. అందరూ ఒకసారి తిన్నాక మారు అడగండి. కాలనీ ఊడ్చే అమ్మలకు, వాచ్‌మన్ కుటుంబానికి, పాలు, పేపరు వేసే పిల్లలకు మిగిలింది ఇద్దామనుకుంటే ఆ రోజు వాళ్లకు ఏమీ మిగలదు. లైను మొదలుకాకముందే ఇరవై మందికి సరిపడా హాట్‌బాక్సులో తీసి, మూత మీద పేరు రాసి పక్కన పెట్టేయండి.

వంట దిగాక గోరువెచ్చగా రెండు గంటలు దాటి ఉన్న పొంగలి, కొబ్బరి పచ్చడి ఎవరికీ కట్టి ఇవ్వొద్దు. చలికాలమైనా అన్నం అలా నిలవుంటే చెడుతుంది, చెడినట్టు వాసన కూడా రాదు. మిగిలిన ఇడ్లీ పిండిని మాత్రం డబ్బాల్లో పోసి పంచితే, కనుమ నాడు ఎవరింట్లోనో అట్లవుతుంది.