తునికాకు కల్లం లెక్కకు యూజ్ కేస్ ఎలా రాయాలి

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో గ్రామసభలకు తునికాకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిపెట్టడం నా పని. ఎంసీఏ చదివే మా ఊరి పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు పట్టుకొచ్చి చూడమంటారు. యూజ్ కేస్ అంటే ఒక మనిషి సిస్టమ్‌తో నెరవేర్చుకునే ఒక పని. దాని డయాగ్రం నీటుగా ఉంటుంది. వివరణ మాత్రం మూడు ముక్కలే: యూజర్ లాగిన్ అవుతాడు, వివరాలు ఎంటర్ చేస్తాడు, సబ్మిట్ నొక్కుతాడు. ఇంతమాత్రంతో ప్రోగ్రాం రాసేవాడికి ఏం తెలుస్తుంది?

డయాగ్రం ఎవరికి ఏ పని కావాలో చెప్పి ఊరుకుంటుంది. ఆ పని ఎలా సాగుతుందో, ఎక్కడ అడ్డం తిరుగుతుందో వివరణలోనే తెలియాలి. ఎరిక్‌సన్ టెలిఫోన్ వ్యవస్థల మీద పనిచేసిన ఇవార్ జేకబ్‌సన్ ఈ యూజ్ కేస్ పద్ధతిని 1987లో ఒక పేపర్‌లో బయటపెట్టాడు. 1997లో యూఎంఎల్, అంటే సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీసే ఉమ్మడి పద్ధతి, ప్రమాణంగా వచ్చింది కానీ, వివరణకు ఫలానా ఫారమే వాడాలని అందులో లేదు. కాబట్టి ఫారం గురించి టెన్షన్ వద్దు.

ముందు పేరు పెట్టండి. పేరులో మనిషి కోరుకున్న పని కనబడాలి. లాగిన్ అవ్వడానికి ఎవరూ ఎండలో ఆకు అప్పగించే కల్లం దాకా నడిచి రారు. తెచ్చిన కట్టలు అప్పగించి లెక్క రాయించుకోవడానికి వస్తారు. అదే పేరు. ఫోన్ మున్షీ, అంటే కల్లం దగ్గర లెక్క రాసేవాడి, చేతిలో ఉంటుంది గనక పిల్లలందరూ మున్షీనే ప్రధాన పాత్రగా రాస్తారు. నేను ఒప్పుకోను. పని ఎవరిదో పాత్ర వాళ్లదే, అంటే ఆకు తెచ్చిన ఆమెది. అలా రాసినప్పుడే ఆమెకు లెక్క చూపించాలన్న మెట్టు గుర్తొస్తుంది.

పేరు: కట్టలు అప్పగించి లెక్క రాయించుకోవడం
ప్రధాన పాత్ర: ఆకు తెచ్చిన మనిషి. ఫోన్ వాడేది మున్షీ.
ముందే ఉండాల్సింది: ఆ ఇంటి పేరు గ్రామసభ జాబితాలో ఉంది.
1. ఆమె కట్టలు వరుసగా పేరుస్తుంది.
2. మున్షీ కట్టలు ఎంచుతాడు.
3. ఆమె కార్డు ఇస్తుంది. మున్షీ కార్డు నంబరు, కట్టల సంఖ్య ఎక్కిస్తాడు.
4. సిస్టమ్ ఇంటి పేరు, ఈరోజు లెక్క, ఇప్పటిదాకా మొత్తం, రావాల్సిన డబ్బు చూపిస్తుంది.
5. ఆమె సరేనంటుంది. మున్షీ ఖాయం చేస్తాడు.
6. సిస్టమ్ లెక్క దాచుకుంటుంది. మున్షీ అదే అంకె కార్డులో రాస్తాడు.

ప్రతి మెట్టులో ఎవరు ఏం చేశారో ఉంది. బటన్ ఎక్కడుంది, ఏ రంగుది అన్నది లేదు. స్క్రీన్ రేపు మారినా ఈ వివరణ మారకూడదు.

అసలు కష్టపడాల్సింది దీని తర్వాత. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఇక్కడ ఏం తేడా కొట్టొచ్చు అని అడగండి. 2 దగ్గర కొన్ని కట్టలు పలచగా ఉన్నాయనుకోండి. దాన్ని 2-అ అని మొదలుపెట్టండి: మున్షీ వాటిని పక్కన పెడతాడు, ఆమె ఆకు కలిపి మళ్లీ కట్టి తెస్తే 2కి వెళ్తాం, లేదంటే మిగిలినవాటితో 3కి. 3-అ: కార్డు ఇంట్లో మరిచి వచ్చింది, పేరుతో వెతకాలి. 5-అ: లెక్క తప్పంటుంది. మళ్లీ ఎంచాలి, కొత్త అంకె వేయాలి, పాత అంకె కూడా చెరగకుండా ఉండాలి. రేపు గొడవైతే గ్రామసభ చూసేది దాన్నే. 6-అ: అడవిలో సిగ్నల్ లేదు. లెక్క ఫోన్‌లోనే ఉండి, సిగ్నల్ అందగానే వెళ్లాలి. మామూలు దారి ఆరు మెట్లయితే ఈ పక్కదారులు అంతకు రెట్టింపైనా ఆశ్చర్యపోకండి.

కట్టకు ఎన్ని ఆకులన్నది మెట్లలో రాయొద్దు. మహారాష్ట్రలో 70 ఆకుల కట్ట, ప్రాణహిత దాటి తెలంగాణలోకి పోతే 50 ఆకుల కట్ట. ఇలాంటివి, ధరతో సహా, నియమాలని వేరే పెట్టి రాసుకోండి.

చివర్లో రెండు హామీలు ఉండాలి. పని పూర్తయితే కార్డులో అంకె, సిస్టమ్‌లో అంకె ఒకటే. మధ్యలో ఫోన్ ఆగిపోయినా నిన్నటిదాకా ఉన్న లెక్క చెక్కుచెదరదు. ఆకు కోసినవాళ్లకు ఈ రెండో హామీయే ప్రాణం. దయచేసి దాన్ని వదలొద్దు.

రాశాక కల్లం దగ్గరికి పోయి మున్షీకీ, ఆకు తెచ్చినవాళ్లకీ చదివి వినిపించండి. కార్డు ముందు అని రాసి ఉంటే, "అట్ల కాదన్నా, ముందు ఎంచుతం, తర్వాతే కార్డు చూస్తం" అని వాళ్లే మెట్లు సరిచేస్తారు. ఎదురు చెప్పకుండా రాసుకోండి. డబ్బు ఖాతాలో పడడం గురించి కూడా అడుగుతారు. అది వేరే రోజు, వేరే మనుషులు చేసే పని. దాన్ని ఇందులో ఇరికించకుండా ఇంకో యూజ్ కేస్‌గా మొదలుపెట్టండి.