శరీర స్పృహతో మనోగాయాలను మాన్పుకునే సాధనకు ముందు జాగ్రత్తలు

గుండెజబ్బు, మూర్ఛ, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు ఇందులో భాగంగా వేగంగా ఊపిరి తీసే సాధనలు చేసే ముందు వైద్యుణ్ణి తప్పక సంప్రదించాలి. ఎందుకంటే అతిగా శ్వాసించినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్ల చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కి, కళ్లు తిరగవచ్చు. దాన్ని పాత బాధ బయటికి పోతున్న సూచనగా పొరబడకూడదు. మానసిక వైద్యులు రాసిన మందులను సొంతంగా ఆపకూడదు.

సాధన చేయించేవారు ఒంటిమీద చేయి వేసే పద్ధతి అయితే, ఎక్కడ, ఎందుకు తాకుతారో ముందే అడిగి తెలుసుకుని, మధ్యలో వద్దనే హక్కు మీకుందని స్పష్టం చేసుకోవాలి. అందుకు ఒప్పుకోని చోటికి వెళ్లకపోవడమే మేలు.

తొలిసారే లోతైన గాయాన్ని కదపకుండా, ఏదైనా చిన్న చికాకును గుర్తుచేసుకోవడంతో మొదలుపెట్టి, అప్పుడు ఛాతీలో కలిగే బిగుతును కాసేపు గమనించి, తర్వాత నేలకు ఆనిన పాదాల మీదికి దృష్టి మళ్లించాలి. ఒళ్లు మొద్దుబారినా, పరిసరాలు కలలోలా తోచినా వెంటనే ఆపి, కళ్లు తెరిచి చుట్టూ ఉన్న వస్తువులను చూడాలి.